ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్: ట్యుటోరియల్ అయిపోయింది, లంబ్రిడ్జ్‌ల దిగిన. ఇగ ముందుగాల ఏం చెయ్యాలె?

భద్రకాళి బండ్ (హన్మకొండ)

అందరికీ నమస్తే. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట కొత్తగ మొదలుపెట్టిన. ట్యుటోరియల్ ఐలాండ్ అయిపోయి లంబ్రిడ్జ్ కోట ముంగట ఉన్న. ఇక్కడి నుంచి ఎటు పోవాలెనో ఆట ఏం చెప్తలేదు. గోబ్లిన్లను కొట్టుకుంట కూసుంటే అటాక్ 8 దాక వచ్చింది, ఆ తర్వాత లెవెల్ కదులుతలేదు.

నా దగ్గర ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు వేరే లేదు. రాత్రి గంట, గంటన్నర ఆడుత. పగటి పూట ఫోన్ల. ఇప్పుడైతే పైసలు పెట్టే ఆలోచన లేదు.

తెలిసినోళ్లు జర చెప్పండి. ఏ పని ముందు, ఏది తర్వాత? ఏ ఆయుధం పట్టాలె? మెంబర్‌షిప్ లేకుండ ఎంత దూరం పోవచ్చు? ఇంటర్ చదివే మా తమ్ముడు కూడ ఆడుతనంటున్నడు, ఇద్దరం ఒకటే అకౌంట్ల ఆడొచ్చా?

---

ఖిలా తోరణం (వరంగల్)

తమ్మీ, గోబ్లిన్లను విడిచిపెట్టు. లెవెల్ ఎందుకు కదుల్తలేదో ముందుగాల లెక్క చూడు.

ఈ ఆటల ప్రతి స్కిల్ 99 దాక ఉంటది. లెవెల్ 2కు 83 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) చాలు. 10కి 1,154. 20కి 4,470. 30కి 13,363. 50కి 1,01,333. 99కి 1,30,34,431. దగ్గర దగ్గర ప్రతి ఏడు లెవెల్స్‌కు కావాల్సిన ఎక్స్‌పీ రెండింతలైతది, అందుకే 92 చేరినోడు సగం దూరమే వచ్చినట్టు. ఇప్పుడు గోబ్లిన్ సంగతి. దానికి హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) 5. కొట్టిన ఒక్కో డ్యామేజీకి 4 ఎక్స్‌పీ. అంటే ఒక గోబ్లిన్‌కు 20. వాంపైర్ స్లేయర్ అనే ఒక్క క్వెస్ట్ (ఆటల పాత్రలు అప్పజెప్పే పని) చేస్తే అటాక్‌ల 4,825 ఎక్స్‌పీ వస్తది, అంటే 241 గోబ్లిన్ల పని. అటాక్ 8 ఉన్న నువ్వు ఆ ఒక్క క్వెస్ట్‌తోని 22కు పోతవు.

అందుకే ఈ ఆటల మొదటి వారం కొట్లాటది కాదు, క్వెస్ట్‌లది. చిన్న లెవెల్‌ల ఉన్నప్పుడు క్వెస్ట్ ఇచ్చే ఎక్స్‌పీ విలువ మస్తు ఎక్కువ. అదే క్వెస్ట్ లెవెల్ 60 మీద చేస్తే ఆ ఎక్స్‌పీ లెక్కల్నే కనవడది. ఫ్రీ ఆటల ఉన్న క్వెస్ట్‌లన్నీ ముందు ఊడ్చేయాలె, లెవెల్స్ పెంచుడు తర్వాత.

క్వెస్ట్‌లు ఎట్లవడితే అట్ల చేస్తే నడకకే టైం పోతది. ఫ్రీ ప్లేయర్‌కు టెలిపోర్ట్‌లు తక్కువ. హోమ్ టెలిపోర్ట్ లంబ్రిడ్జ్‌కు ఉట్టిగనే పనిచేస్తది కానీ 30 నిమిషాలకు ఒకసారే, అదీ ఎవడన్నా కొడుతుంటే మధ్యల ఆగిపోతది. అందుకని దారి కలిసేటట్టు పెట్టుకో.

లంబ్రిడ్జ్‌లనే మొదలుపెట్టు. కోట కింది అంతస్తుల వంటాయన దగ్గర కుక్స్ అసిస్టెంట్ తీసుకో. ఒక గుడ్డు, ఒక బకెట్ పాలు, ఒక కుండ పిండి కావాలె. కుండ అదే వంటింట్ల ఉంటది, బకెట్ వంటింటి కింద నేలమాళిగల దొరుకుతది. గుడ్డు కోళ్ల ఫారంల, పాలు డెయిరీ ఆవు దగ్గర. పిండి కాడనే అందరు చిక్కుతరు. పొలంల గోధుమ కోసి, గాలిమర మీది అంతస్తుకు ఎక్కి, గింజలు హాపర్‌ల పొయ్యాలె. పోసినంక పక్కన లీవర్ తిప్పాలె. అది తిప్పకుండ కిందికి దిగితే తొట్టిల పిండి ఉండది. లీవర్ తిప్పి, కిందికొచ్చి, ఖాళీ కుండతోని తొట్టిలకెళ్లి తీసుకోవాలె.

అక్కడనే ఫ్రెడ్ దగ్గర షీప్ షియరర్. కత్తెర ఆయన ఇంట్లనే ఉంటది. 20 గొర్రెల ఉన్ని కత్తిరించి, కోట మొదటి అంతస్తుల రాట్నం మీద వడికి, 20 ఉండలు ఇచ్చుడే. ఇన్వెంటరీల 28 గడులే కాబట్టి పోయేముందు బ్యాంకుల అన్నీ వెయ్యి. బ్యాంకు కోట మీది అంతస్తుల ఉన్నది. కొమ్ములున్న పొట్టేలుకు ఉన్ని రాదు, దాని ఎంట వడకు. షియర్డ్ రామ్ పబ్బుల వియోస్ దగ్గర ఎక్స్ మార్క్స్ ది స్పాట్ కూడ ఇప్పుడే తీసుకో, పార ఒకటి దగ్గర పెట్టుకో. చివర్ల 300 ఎక్స్‌పీ దీపం ఇస్తరు, నచ్చిన స్కిల్ మీద రుద్దుకోవచ్చు.

ఇగ ఊరు దాటే పని. బయలెళ్లే ముందు రెండు క్వెస్ట్‌లు చేతిల ఉండాలె. చర్చిల ఫాదర్ ఎరెక్ దగ్గర రెస్ట్‌లెస్ ఘోస్ట్, కోట మొదటి అంతస్తుల డ్యూక్ హొరేషియో దగ్గర రూన్ మిస్టరీస్. డ్యూక్ ఒక ఎయిర్ తాలిస్మాన్ ఇస్తడు, పారెయ్యకు. దక్షిణాన చిత్తడిల ఫాదర్ అర్హ్నీ గుడిసెకు పోయి ఘోస్ట్‌స్పీక్ అమ్యులెట్ తీసుకుని, తిరిగి చర్చి పక్క సమాధికాడికి వచ్చి, అమ్యులెట్ మెడల వేసుకుని దయ్యంతోని మాట్లాడు. అది మెడల లేకుంటే దయ్యం మాట అర్థం కాదు, క్వెస్ట్ ముంగటికి పోదు.

అక్కడికెళ్లి పడమర డ్రేనార్ విలేజ్. మోర్గాన్ దగ్గర వాంపైర్ స్లేయర్ తీసుకుని, ఆయన ఇంట్ల మీది అంతస్తుల అల్మారాల వెల్లుల్లి తీసి పెట్టుకో. డ్రేనార్ దక్షిణాన విజర్డ్స్ టవర్. దాని నేలమాళిగల సెడ్రిడార్‌కు తాలిస్మాన్ ఇయ్యి, ఆయన ప్యాకెట్ ఇస్తడు. ఆ దయ్యం పోగొట్టుకున్న పుర్రె కూడ ఆ నేలమాళిగల్నే ఉన్నది. పుర్రె ఎత్తంగనే లెవెల్ 13 అస్థిపంజరం లేస్తది, దాంతోని కొట్లాడే అవసరం లేదు, నిచ్చెన ఎక్కి వచ్చెయ్. హోమ్ టెలిపోర్ట్ కొట్టి, పుర్రె శవపేటికల పెడితే 1,125 ప్రేయర్ ఎక్స్‌పీ. ఒక్క దెబ్బకు ప్రేయర్ 9.

తర్వాత వారాక్. వారాక్ దక్షిణ గేటు దారిల రాళ్ల గుండ్రం ఉంటది, అక్కడ డార్క్ విజర్డ్స్ తిరుగుతరు, లెవెల్ 7 ఓళ్లు, 20 ఓళ్లు. దూరం నుంచే మంత్రం వేస్తరు, కొత్తోళ్లు ఎక్కువ సచ్చేది అక్కడనే. నది తూర్పు దిక్కుకెళ్లి, ఆవుల దొడ్డి దాటి, వారాక్ ఆగ్నేయం గని మీదికెళ్లి పో. ఆ గని దగ్గర్నే కడావా బెర్రీల చెట్లున్నయి, పోతపోత ఒకటి తెంపుకో. రోమియో అండ్ జూలియట్ క్వెస్ట్‌కు అదే కావాలె. ఎక్స్‌పీ రాదు కానీ 5 క్వెస్ట్ పాయింట్లు ఇస్తది. పక్కనే రెడ్‌బెర్రీల చెట్లు ఉంటయి, అవి దీనికి పనికి రావు.

వారాక్‌ల ఆబరీకి ప్యాకెట్ ఇయ్యి. బ్లూ మూన్ ఇన్‌ల డాక్టర్ హార్లోకు ఒక బీరు కొనిస్తే మేకు ఇస్తడు. జనరల్ స్టోర్‌ల సుత్తె కొనుక్కో. వాంపైర్ స్లేయర్‌ల చంపాల్సిన కౌంట్ డ్రేనార్ లెవెల్ 34, హెచ్‌పీ 35, డ్రేనార్ మేనర్ నేలమాళిగల ఉంటడు. మేకు, సుత్తె రెండూ ఇన్వెంటరీల లేకుంటే వాడు సచ్చే టైంకు మళ్ల లేస్తడు. వెల్లుల్లి ఉంటే బలహీనపడుతడు. అన్నం తిన్నట్టే తినుకుంట కొట్టాలె కాబట్టి మిగిలిన గడుల్ల తిండి నింపుకుని పో.

ఇదంత అయ్యేవరకు నీకు నాలుగైదు రాత్రులు పడుతయి. ఆయుధాల సంగతి కాజీపేట అన్న చెప్తడు.

---

కాజీపేట జంక్షన్

పైన చెప్పిన దారి మంచిగున్నది. కొట్లాట గురించి నాలుగు మాటలు.

ఆట గడియారం 0.6 సెకండ్ల టిక్ మీద నడుస్తది. ప్రతి ఆయుధానికి వేగం టిక్కులల్ల ఉంటది. సిమిటార్ (వంపు కత్తి) 4 టిక్కులు, అంటే 2.4 సెకండ్లకు ఒక దెబ్బ. లాంగ్‌స్వోర్డ్ 5, టూ హ్యాండెడ్ స్వోర్డ్ 7. టూ హ్యాండెడ్ చూస్తానికి పెద్ద దెబ్బ, కానీ సిమిటార్ ఏడు దెబ్బలు కొట్టే టైంల అది నాలుగే కొడతది. తప్పిన దెబ్బకు ఏడు టిక్కులు నష్టం. ఫ్రీ ఆటల లెవెల్స్ పెంచెతందుకు సిమిటార్‌ను మించింది లేదు.

ఏ లోహం ఏ లెవెల్‌కంటే: కంచు, ఇనుము 1కే. స్టీల్ అటాక్ 5, బ్లాక్ 10, మిత్రిల్ 20, ఆడమంట్ 30, రూన్ 40. అల్ ఖరీద్‌ల జీక్ దుకాణంల మిత్రిల్ దాక సిమిటార్లు దొరుకుతయి. గేటు కాడ 10 నాణేలు కట్టాలె, ప్రిన్స్ అలీ రెస్క్యూ క్వెస్ట్ అయినంక ఉట్టిగనే పోవచ్చు. గేటు దాటినంక ఉత్తరాన గనిల లెవెల్ 14 తేళ్లున్నయి, ఊకె మీదవడుతయి, ఆ దిక్కు పోకు. ఆడమంట్, రూన్ సిమిటార్లు గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్‌ల (ఆటగాళ్లు కొని అమ్ముకునే సంత) కొనుక్కోవాలె.

ఇగ స్టైల్. సిమిటార్ పట్టినప్పుడు చాప్ అంటే అటాక్ ఎక్స్‌పీ, స్లాష్ అంటే స్ట్రెంత్, బ్లాక్ అంటే డిఫెన్స్, లంజ్ అంటే మూడిట్ల పంచుతది. చానామంది చాప్ మీద పెట్టి మర్చిపోతరు, అటాక్ 30, స్ట్రెంత్ 5 మీద ఉండి దెబ్బ ఎందుకు పడ్తలేదని అడుగుతరు. అటాక్ అంటే దెబ్బ తగిలే అవకాశం, స్ట్రెంత్ అంటే ఆ దెబ్బ ఎంత పెద్దగ ఉండొచ్చనేది. వాంపైర్ స్లేయర్‌తోని అటాక్ 22 అయినంక స్లాష్‌కు మార్చి స్ట్రెంత్ 30 దాక తీసుకుపో, ఆ తర్వాత అటాక్ 30. అటాక్‌ను తర్వాతి ఆయుధం అందేంత వరకే పెంచు, మధ్యల స్ట్రెంత్ మీద పెట్టు.

డిఫెన్స్ గురించి తప్పు అనుకుంటరు. కవచం దెబ్బ సైజు తగ్గియ్యది, దెబ్బ తగలకుండ చేసే అవకాశం పెంచుతది అంతే. కవచం వేసుకున్నా తగిలిన దెబ్బ పూర్తిగ తగుల్తది. బరువు కవచంతోని రన్ ఎనర్జీ కూడ జల్ది ఒడుస్తది. కొట్లాట లేనప్పుడు, ఉట్టి క్వెస్ట్ నడకలల్ల కవచం విప్పి బ్యాంకుల పెట్టు.

తిండి కొనకు, పట్టుకో. లంబ్రిడ్జ్ చిత్తడిల వలతోని రొయ్యలు పట్టి ఫిషింగ్ 20కి పో. పోర్ట్ సారిమ్ చేపల దుకాణంల ఫ్లై ఫిషింగ్ రాడ్ దొరుకుతది, ఎర ఈకలు. ఈకలు కోళ్లను కొడితే కూడ వస్తయి. బార్బేరియన్ విలేజ్ నదిల 20 నుంచి ట్రౌట్, 30 నుంచి సాల్మన్. గొడ్డలి, టిండర్‌బాక్స్ ఎంట పెట్టుకుంటే పక్కనే చెట్టు నరికి మంట వేసి వండొచ్చు. రొయ్య తింటే 3 హెచ్‌పీ, ట్రౌట్ 7, సాల్మన్ 9. కరమ్జాల లెవెల్ 40కి లాబ్‌స్టర్, తింటే 12. ట్రౌట్ వండెతందుకు కుకింగ్ 15 కావాలె, మొదట్ల చానా మాడుతయి, ఇరవై పట్టి పదిహేను అయినా ఫర్వాలేదనుకో.

ఎక్కడ కొట్టాలె? ఆవులు, హెచ్‌పీ 8, తోలు పైసలకు పనికొస్తది. స్ట్రెంత్ 20 దాటినంక అల్ ఖరీద్ వారియర్స్, హెచ్‌పీ 19. అయితే ఒకన్ని కొడితే పక్కనున్నోళ్లు కూడ మీదవడుతరు. అటాక్, స్ట్రెంత్ 30, 30 అయినంక హిల్ జెయింట్స్, లెవెల్ 28, హెచ్‌పీ 35. వారాక్ పడమర గుడిసెలకెళ్లి దిగాలె, బ్రాస్ కీ కావాలె. వాటి బొక్కలు పెద్దయి, పాతిపెడితే ఒక్కోటికి 15 ప్రేయర్ ఎక్స్‌పీ. మామూలు బొక్కకు 4.5 మాత్రమే.

ఒక సూత్రం యాదిపెట్టుకో. మీదవడే జంతువు లెవెల్‌కు రెండింతల కన్నా నీ కంబాట్ లెవెల్ ఎక్కువైతే అది నిన్ను పట్టించుకోదు. డ్రేనార్ జైలు గార్డులు లెవెల్ 26. కాబట్టి కంబాట్ 53 అయ్యే దాక పోర్ట్ సారిమ్ దారిల వాళ్ల ముంగట ఉరుకుడే, నిలబడొద్దు.

---

భద్రకాళి బండ్ (హన్మకొండ)

అన్నలకు మస్తు థ్యాంక్స్. కుక్స్ అసిస్టెంట్, షీప్ షియరర్ అయినయి. కడమ క్వెస్ట్‌లు నడుస్తున్నయి. ఇంకో మూడు అడుగుత. గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్‌ల కట్టెలు అమ్మబోతే అమ్మనిస్తలేదు, ఎందుకు? అక్కడ ఒకడు "నాణేలు ఇయ్యి, డబుల్ చేసి ఇస్త" అంటున్నడు, నిజమేనా? సచ్చిపోతే సామాను పోతదా?

---

మానేరు ఒడ్డు (కరీంనగర్)

నమస్తే. ముందు రెండో ప్రశ్న. డబుల్ చేసి ఇస్తామనే వాళ్లందరూ మోసగాళ్లే, మినహాయింపు లేదు. మొదట చిన్న మొత్తం ఇస్తే నిజంగానే రెట్టింపు చేసి ఇస్తారు, నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం ఇవ్వగానే లాగవుట్ అవుతారు. చుట్టూ "నాకు ఇచ్చాడు, మంచివాడు" అని రాసేవాళ్లు వాళ్ల మనుషులే. ట్రేడ్‌లో రెండో స్క్రీన్ మీద కనిపించేదే మీకు వచ్చేది, నోటి మాటకు విలువ లేదు. "ఫ్రీ మెంబర్‌షిప్" లింకులు, మోడరేటర్ పేరుతో వచ్చే ఈ-మెయిళ్లు, లైవ్ స్ట్రీమ్ కింద పెట్టే లింకులు ఏవీ నొక్కకండి. "మంచి వస్తువు పడి ఉంది, రా" అని వైల్డర్‌నెస్‌లోకి (ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోగలిగే ప్రాంతం) తీసుకెళ్లేది కూడా అదే బాపతు.

అకౌంట్ సంగతి ఈ రోజే సర్దుకోండి. ఆట కంపెనీ జాజెక్స్ అకౌంట్ తెరిచి, దానికి ఆథెంటికేటర్ యాప్ కలపండి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆట లోపల ఏ బ్యాంకు గుమస్తా దగ్గరైనా 4 అంకెల బ్యాంక్ పిన్ పెట్టవచ్చు. ఎవరైనా అకౌంట్‌లోకి దూరినా పిన్ తెలియకపోతే బ్యాంకు తెరవలేరు. పిన్ తీసేయమని అడిగితే కూడా మీరు పెట్టుకున్న గడువు దాకా ఆగాలి, ఆ గడువును 7 రోజులకు పెట్టండి.

మీ తమ్ముడికి వేరే అకౌంట్ తెరవండి. ఒకే అకౌంట్ ఇద్దరు వాడటం నియమాలకు విరుద్ధం. పైగా ఇద్దరూ ఒకే సమయంలో ఆడలేరు. పేరు 12 అక్షరాలు దాటకూడదు. ట్యుటోరియల్ చివర ఐరన్‌మ్యాన్ మోడ్ అడుగుతారు, మొదటిసారి ఆడేవారికి అది వద్దు. అందులో ఇతరులతో కొనడం, అమ్మడం ఉండదు, మీరిద్దరూ ఒకరికొకరు చేప కూడా ఇచ్చుకోలేరు.

కట్టెల విషయం. కొత్త ఫ్రీ అకౌంట్‌కు కొన్ని సరుకుల అమ్మకం మీద కట్టడి ఉంటుంది. బాట్లతో (వాటంతట అవే ఆడే ప్రోగ్రాములతో) సరుకు పోగేసి అమ్మేవాళ్లను ఆపడానికి పెట్టారు. 20 గంటల ఆట, 10 క్వెస్ట్ పాయింట్లు, మొత్తం స్కిల్ లెవెల్ 100, ఈ మూడూ పూర్తయితే పోతుంది. రోమియో అండ్ జూలియట్‌కు 5, గోబ్లిన్ డిప్లొమసీకి 5 పాయింట్లు వస్తాయి కాబట్టి పాయింట్ల కోసం ఆ రెండూ చాలు. గోబ్లిన్ డిప్లొమసీకి ఒక నారింజ, ఒక నీలం, ఒక మామూలు గోబ్లిన్ మెయిల్ కావాలి. మూడు మెయిళ్లూ గోబ్లిన్ విలేజ్ డబ్బాలలోనే వెతికితే దొరుకుతాయి. రంగులు డ్రేనార్‌లో ఆగీ చేస్తుంది, ఒక్కో రంగుకు 5 నాణేలు. ఎరుపుకు 3 రెడ్‌బెర్రీలు, పసుపుకు 2 ఉల్లిగడ్డలు, నీలానికి 2 వోడ్ ఆకులు. ఎరుపు, పసుపు కలిపితే నారింజ. వోడ్ ఆకులు ఫాలడార్ పార్కులో తోటమాలి వైసన్ దగ్గర. ఆయనకు 20 నాణేలు ఇస్తానంటే రెండు ఆకులు ఇస్తాడు, 15 చెబితే ఒకటే.

డబ్బుకు మొదటి దారి స్ట్రాంగ్‌హోల్డ్ ఆఫ్ సెక్యూరిటీ. బార్బేరియన్ విలేజ్ మధ్యలో గొయ్యి కనిపిస్తుంది, అందులోకి దిగాలి. నాలుగు అంతస్తులు. మొదటిదాంట్లో 2,000, రెండోదాంట్లో 3,000, మూడోదాంట్లో 5,000 నాణేలు, నాలుగోదాంట్లో బూట్లు. ప్రతి తలుపు దగ్గర అకౌంట్ భద్రత మీద ఒక ప్రశ్న అడుగుతారు, చదివి జవాబు చెప్పండి, అవి నిజంగా పనికొచ్చే ప్రశ్నలే. కొట్లాడుతూ కూర్చోవద్దు, పరుగెత్తండి. పది పన్నెండు ట్రౌట్లతో మూడు అంతస్తులు అవుతాయి. నాలుగోదాంట్లో ఆంకూలు అనే రాక్షసులు బలమైనవి, హెచ్‌పీ 25 దాటాక వెళ్లవచ్చు. ఈ 10,000తో ముందు ఆయుధం, తర్వాత మిగిలినవి.

చనిపోతే ఖరీదైన 3 వస్తువులు మీ దగ్గరే ఉంటాయి, మిగిలినవి చనిపోయిన చోట సమాధిలో 15 నిమిషాలు ఉంటాయి. ఆ లోపు వెళ్లి తీసుకోవచ్చు. ప్రేయర్ 25కి ప్రొటెక్ట్ ఐటెమ్ వస్తుంది, అది వేసి ఉంటే 4. వైల్డర్‌నెస్‌లో ఇతర ఆటగాడి చేతిలో పోతే మాత్రం ఈ సమాధి సౌకర్యం లేదు. ఎడ్జ్‌విల్, వారాక్ ఉత్తరాన కందకం దాటగానే అది మొదలవుతుంది. అక్కడ లెవెల్ 5లో ఉంటే మీ కంబాట్ లెవెల్‌కు 5 అటూ ఇటూ ఉన్నవారు మిమ్మల్ని కొట్టవచ్చు. లెవెల్ 20 దాటితే మామూలు టెలిపోర్ట్‌లు పనిచేయవు. క్వెస్ట్ పనిమీద వెళ్లాల్సి వస్తే పోయినా బాధలేని సామానుతోనే వెళ్లండి.

---

లక్నవరం (ములుగు)

ల్యాప్‌టాప్, ఫోన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్న.

4 జీబీకి ఈ ఆట నడుస్తది. 2007 నాటి ఆట కాపీ మీదనే 2013 ఫిబ్రవరిల ఓల్డ్ స్కూల్ మొదలైంది, గ్రాఫిక్స్ భారం తక్కువ. ల్యాప్‌టాప్‌ల రూన్‌లైట్ క్లయింట్ వాడు. బయటోళ్లు చేసిందే అయినా జాజెక్స్ అనుమతి ఉన్నది. గూగుల్‌ల వెతికి మీద కనవడే ప్రకటన నొక్కకు, నకిలీ సైట్లున్నయి. జాజెక్స్ లాంచర్‌లకెళ్లే ఎక్కించుకుంటే ఆ బాధ ఉండది. రూన్‌లైట్‌ల క్వెస్ట్ హెల్పర్ ప్లగిన్ పెట్టుకో. తర్వాత ఎవరితోని మాట్లాడాలె, ఏ సామాను కావాలె, బాణం గుర్తు పెట్టి చూపిస్తది. పాత గ్రాఫిక్స్ మీద జీపీయూ ప్లగిన్ ఆన్ చేస్తే ఆట తడబడొచ్చు, అట్లయితే ఆఫ్ చెయ్యి. ఆడేటప్పుడు బ్రౌజర్ ట్యాబ్‌లు మూసెయ్, 4 జీబీల బ్రౌజరే ఎక్కువ తింటది.

ఫోన్ల ఎక్కించుకునేటప్పుడు పేరు చూసుకో. "రూన్‌స్కేప్" అని ఉట్టిగ ఉన్నది వేరే ఆట, నీ క్యారెక్టర్ అండ్ల రాదు. "ఓల్డ్ స్కూల్" అని ఉండాలె. ల్యాప్‌టాప్‌ల ఆపిన కాడికెళ్లి ఫోన్ల మొదలైతది. మౌస్ కుడి క్లిక్ పనికి ఫోన్ల వేలు ఒత్తి పట్టాలె. చేపలు పట్టేటప్పుడు ట్యాప్ టు డ్రాప్ ఆన్ చేసుకుంటే ఒక్కో గడిని తాకుకుంట పారెయ్యొచ్చు. పగటి పూట ఫోన్ల చేపలు, కట్టెలు, ఆవులు. క్వెస్ట్‌లు రాత్రి ల్యాప్‌టాప్‌ల. ఫోన్ల క్వెస్ట్ చేస్తే సగం టైం మ్యాప్ చూసుడికే పోతది.

నెట్ గురించి భయం వద్దు. ఆట 0.6 సెకండ్ల టిక్ మీద నడుస్తది కాబట్టి 200 మిల్లీసెకండ్ల పింగ్‌తోని కూడ ఈ మొదటి పనులన్నీ మంచిగ అయితయి. వరల్డ్ మార్చే కాడ రూన్‌లైట్ ఒక్కో వరల్డ్ పింగ్ చూపెడుతది, తక్కువున్న ఫ్రీ వరల్డ్ ఎంచుకో. మనకు అసలు బాధ కరెంటు పోవుడు, నెట్ తెగుడు. కొట్లాట మధ్యల నెట్ పోతే క్యారెక్టర్ అప్పుడే మాయం కాదు, జర సేపు అట్లనే నిలవడి ఉంటది, ఎదుటిది కొడుతనే ఉంటది. ఆటో రిటాలియేట్ ఆన్ ఉంటే తిరిగి కొడతది కానీ తిండి తినది. అందుకే కౌంట్ డ్రేనార్ పనికి ఇన్వర్టర్ ఉన్న టైంల కూసో, లేదంటే ఫోన్ హాట్‌స్పాట్ తయారు పెట్టుకో. గాలివాన ఉన్న రాత్రి చేపలు పట్టుకో.

మెంబర్‌షిప్ మీద నా మాట వేరే. చానామంది మొదటి వారంలనే కొనమంటరు, నేను వద్దంట. ఫ్రీల ఉన్న 15 స్కిల్స్, ఈ క్వెస్ట్‌లు అయ్యేదాక నీకు లోటు కనవడది. డ్రాగన్ స్లేయర్‌ను గురి పెట్టుకో. దానికి 32 క్వెస్ట్ పాయింట్లు కావాలె, చివర్ల ఎల్వర్గ్ లెవెల్ 83. యాంటీ డ్రాగన్ షీల్డ్ డ్యూక్ హొరేషియో ఉట్టిగనే ఇస్తడు, అది లేకుంటే మంటకు కాలిపోతవు. అది గెలిస్తేనే రూన్ ప్లేట్‌బాడీ వేసుకోనిస్తరు, స్ట్రెంత్, డిఫెన్స్ రెండిట్ల 18,650 ఎక్స్‌పీ వస్తది. అది అయినంక ఆట నచ్చితే అప్పుడు కొను. ఒక బాండ్ అంటే 14 రోజుల మెంబర్‌షిప్. ఆటల నాణేలతోని కూడ బాండ్ కొనొచ్చు కానీ ఫ్రీల అంత పోగు చేసుడు నెలల పని, దాని ఎంట వడకు.

---

కాజీపేట జంక్షన్

లక్నవరం అన్న మాటకు ఒకటి కలుపుత. స్మితింగ్ చేతితోని పెంచకు. కంచు కడ్డీ కరిగిస్తే 6.2, సుత్తెతోని కొట్టి వస్తువు చేస్తే 12.5, రెండూ కలిపి 18.7 ఎక్స్‌పీ. నైట్స్ స్వోర్డ్ క్వెస్ట్ ఒక్కటే 12,725 ఇస్తది, అంటే 680 కడ్డీల పని. సున్నా నుంచి ఒకేసారి 29. దానికి మైనింగ్ 10 కావాలె, అది డోరిక్స్ క్వెస్ట్ 1,300 ఎక్స్‌పీతోని వస్తది. డోరిక్‌కు 6 మట్టి, 4 రాగి, 2 ఇనుప ఖనిజం ఇయ్యాలె. నైట్స్ స్వోర్డ్‌కు 2 ఇనుప కడ్డీలు, ఒక రెడ్‌బెర్రీ పై ముందుగాల్నే తయారు పెట్టుకో. ఇనుప ఖనిజం కరిగియ్యాలంటే స్మితింగ్ 15 కావాలె, కాబట్టి ఆ రెండు కడ్డీలు గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్‌ల కొనుక్కో. ఆ క్వెస్ట్‌కు కావాల్సిన బ్లూరైట్ ఖనిజం ఉన్న మంచు గుహల ఐస్ జెయింట్స్, ఐస్ వారియర్స్ లెవెల్ 50 మీద ఉంటరు, కొట్లాడకు. తినుకుంట ఉరికి, ఒక్క రాయి తవ్వుకుని బయటికి రా.

మెంబర్‌షిప్ తీసుకున్న రోజు మొదలు వాటర్‌ఫాల్ క్వెస్ట్ చెయ్యి. అటాక్, స్ట్రెంత్ రెండిట్ల 13,750. ఏ స్కిల్ లెవెల్ అడగది. ఆ క్వెస్ట్‌ల వచ్చే సమాధిలకు ఆయుధం, కవచం, రూన్లు తీసుకపోనియ్యరు, అవన్నీ బ్యాంకుల పెట్టి తిండితోనే పోవాలె. తర్వాతి భాగానికి తాడు, ఎయిర్, వాటర్, ఎర్త్ రూన్లు ఆరారు.

---

భద్రకాళి బండ్ (హన్మకొండ)

అటాక్ 22 అయింది అన్నా, మిత్రిల్ సిమిటార్ కొన్న. ఇప్పుడు ఎర్నెస్ట్ ది చికెన్ క్వెస్ట్ పట్టిన. మేనర్ కింద ఆరు లీవర్ల కాడ అటు తిరిగి ఇటు తిరిగి తలుపులు తెరుచుకుంటలేవు.

---

ఖిలా తోరణం (వరంగల్)

అండ్ల ఆయిల్ డబ్బా కోసం వరుస తప్పొద్దు. ముందు బీ, ఏ రెండూ కిందికి. తెరుచుకున్న తలుపుల్లకెళ్లి పోయి డీ కిందికి. తిరిగొచ్చి బీ, ఏ మళ్ల పైకి. తర్వాత ఎఫ్, ఈ కిందికి. సీ కిందికి. చివర్ల ఈ పైకి. ఇగ డబ్బా ఉన్న గది తెరుచుకుంటది. నడుమ గడబిడ అయితే బయటికి నిచ్చెన ఎక్కి వచ్చి మొదటికెళ్లి చెయ్యి. ప్రెషర్ గేజ్ ఫౌంటెన్‌ల ఉంటది, చేయి పెట్టే ముందు చేపల మేతల విషం కలిపి అండ్ల పొయ్యాలె, లేకుంటే పిరాన్హాలు కరుస్తయి. రబ్బర్ ట్యూబ్ ఉన్న గదిల అస్థిపంజరం లెవెల్ 22, నీకు ఇప్పుడు అది పెద్ద పని కాదు. మూడు సామాన్లు మీది అంతస్తుల ప్రొఫెసర్ ఆడెన్‌స్టైన్‌కు ఇస్తే 4 క్వెస్ట్ పాయింట్లు.